కేస్ షీట్‌లో రెండేళ్ళు

మా ఇంట్లో మగవాళ్ళకి చెయ్యి ముందు లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. మా తాత గుమస్తాని కాటా గొలుసుతో కొట్టిన సంగతి బజార్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. మా నాన్న మా అమ్మని కొడుతుంటే చిన్నప్పుడు భయపడేవాణ్ణి. కొంచెం పెద్దయ్యాక అలవాటు పడ్డాను. పెళ్ళయ్యాక ఆ విద్య నా చేతికీ వచ్చింది. తణుకులో ముప్ఫై ఏళ్ళుగా బియ్యం, పప్పుల హోల్‌సేల్ కొట్టు నడుపుతున్నాను. కొట్టుకి వచ్చిన మనిషిని, పది రూపాయల బేరమైనా సరే, 'అండి' లేకుండా పలకరించి ఎరగను. ఇంటి గుమ్మం దాటేసరికి ఆ 'అండి' ఏమైపోయేదో మరి. బజారంతటా నాకు మంచివాడనే పేరు.

నా భార్య తమ్ముడు ఇన్సూరెన్స్ ఏజెంటు. మనిషి మెత్తన, మాట ఇంకా మెత్తన. అలాంటి మగవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఒకరోజు భోజనాల దగ్గర కొత్త పాలసీ గురించి మొదలుపెట్టాడు.

"ఇది ఆస్పత్రి బిల్లు కట్టే పాలసీ కాదండి బావగారూ. పెద్ద జబ్బులకి ఇచ్చేది. క్యాన్సర్, గుండెపోటు, కిడ్నీలు పాడవడం, ఇలా వాళ్ళకో లిస్టు ఉంటుందండి. అందులో ఉన్న జబ్బని డాక్టరు తేల్చేస్తే చాలు, మొత్తం డబ్బు ఒకేసారి ఇచ్చేస్తారు. దేనికి ఖర్చుపెట్టారని కూడా అడగరు."

"పప్పులు ఉప్పులు అయిపోయి రోగాలు అమ్ముకుంటున్నావేంట్రా?" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. మా ఆవిడ చారు వడ్డిస్తూ వింటోంది.

ఆవిడకి సొంత డబ్బు కొంత ఉండేది. ఇంట్లో కారప్పొడి, కందిపొడి కొట్టి పొట్లాలు కట్టేది. అవి నా కొట్లోనే అమ్మి, పొట్లానికి ఇంతని ఆవిడ చేతిలో పెట్టేవాణ్ణి. ఆ డబ్బుతో, నాకు చెప్పకుండా, తమ్ముడి దగ్గర పది లక్షలకి ఆ పాలసీ తీసుకుంది. ఏడాది పాటు నాకు తెలియనే తెలియదు. కాగితాల్లో ఫోన్ నంబరు నాది ఇచ్చారు గనక రెండో ఏడాది ప్రీమియం అందినట్టు నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. అప్పుడు తెలిసింది.

కొట్టు వదిలి ఇంటికి వెళ్ళాను. పొద్దున్న పదకొండు గంటలు. ఆవిడ వసారాలో కింద కూర్చుని, ముందు స్టీలు బేసిన్లో కారం పెట్టుకుని పొట్లాలు కడుతోంది. ఫోన్ చూపించి ఏంటిదని అడిగాను. ఆవిడ లేచి నిలబడి, "నా డబ్బేనండీ," అంది.

ఆ మాట నాకు సహించలేదు. పిడికిలి బిగించి గుద్దాను. ఎడమ రొమ్ము మీద తగిలింది. ఆవిడ తూలి బేసిన్ మీద పడింది. కారం లేచి ఆవిడ ముఖమంతా నిండింది. కళ్ళు రెండు చేతులతో మూసుకుని నేల మీద దొర్లుతుంటే, చెంబెడు నీళ్ళు తెచ్చి ఇవ్వవలసినవాణ్ణి, తుమ్మొస్తోందని బయటికి వచ్చేశాను. మధ్యాహ్నం లోపల కొట్లో పద్దెనిమిది బస్తాల బియ్యం అమ్మాను. అన్నం తిన్నాను. ఆవిడే వడ్డించింది.

దెబ్బ కమిలితే ఆవిడ పసుపు, సున్నం కలిపి రాసుకునేదట. అలా రాసుకునేటప్పుడు చేతికి గడ్డ తగిలిందట. కమిలింది పది రోజుల్లో తగ్గిపోయింది, గడ్డ మాత్రం అలాగే ఉండిపోయింది. నాతో చెప్పేసరికి రెండు నెలలు కావస్తోంది. "ఇక్కడేదో గట్టిగా ఉందండీ," అని మాత్రమే అంది. ఎప్పుడు తెలిసిందో, ఎలా తెలిసిందో చెప్పలేదు. నేను అడగలేదు. నాకు అడగకుండానే తెలుసు.

నిడదవోలు మీదుగా రైల్లో రాజమండ్రి వెళ్ళి ఒక క్యాన్సర్ ఆస్పత్రిలో చూపించాను. ముందు చిన్న డాక్టరమ్మ వచ్చి వివరాలు రాసుకుంది. పేరు, వయసు, బీపీ, షుగరు అయ్యాక కాగితం మీంచి తల ఎత్తకుండానే అడిగింది.

"గడ్డ ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా? అక్కడ దెబ్బేమైనా తగిలిందా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మా ఆవిడ నోరు తెరిచేలోగా నేను అందుకున్నాను.

"దెబ్బేం లేదండి. అది రెండేళ్ళ నుంచీ ఉందండి."

ఎందుకు రెండేళ్ళన్నాను? ఆ పదకొండు గంటల నుంచి ఆ గడ్డని ఎంత దూరం తోసెయ్యగలిగితే అంత దూరం తోసెయ్యాలని. అప్పుడు నా బుర్రలో ఉన్న భయం ఒకటే. నా గుద్దు వల్లే ఇది వచ్చిందని, ఆ మాట ఈ పిల్ల కాగితం మీద రాస్తుందని. మా ఆవిడ నా వైపు చూసింది. డాక్టరమ్మ రాసుకుని వెళ్ళిపోయింది.

ముక్క తీసి పరీక్షకి పంపారు. వారం తర్వాత క్యాన్సర్ అని తేలింది. బావమరిది క్లెయిము ఫారాలు పట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు. వరండాలో బెంచీ మీద వాళ్ళక్క, నేను కూర్చుని ఉంటే, ఎదురుగా నిలబడి బడిపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు.

"పాలసీ మొదలైన మూడు నెలల లోపల జబ్బు బయటపడితే ఇవ్వరండి. మనకి పద్నాలుగు నెలలైంది, ఆ గొడవ లేదు. జబ్బు తేలిన రోజు నుంచి ముప్ఫై రోజులు మనిషి బతికి ఉండాలి."

"ఉంటాన్లే," అంది మా ఆవిడ.

"ఇంకోటండి బావగారూ. జబ్బు మరీ మొదట్లోనే, పుట్టినచోట కదలకుండా ఉంటే పావు వంతే ఇస్తారు. చుట్టుపక్కలకి పాకిందని రిపోర్టులో ఉంటే మొత్తం ఇస్తారు. అక్కకి పాకిందనే రాశారు."

"అయితే మొత్తం వస్తుందన్నమాట," అన్నాను. నా గొంతులో సంతోషం నాకే వినిపించింది. ధర పెరిగిందని తెలిసిన రోజు కొట్లో పలికే గొంతు అది. మా ఆవిడ విన్నది. చీర కొంగు సరిచేసుకుంది. ఆ క్షణానికి నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆ డబ్బు నాకే వస్తుందనుకుని, నా ఖాతా నంబరు రాయమన్నాను. పాలసీ కాగితాల్లో నామినీగా నా పేరే ఉంది మరి. బావమరిది తల అడ్డంగా ఊపాడు. "నామినీకి ఇచ్చేది మనిషి పోతేనండి. అక్క ఉండగా అక్క ఖాతాలోనే వేస్తారు. అందులో మీకేం సంబంధం ఉండదండి."

ఫారంలో సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టి, మా ఆవిడ నాతో అంది. "ఈ డబ్బొస్తే ఇక్కడే ఆస్పత్రి పక్కన గది తీసుకుంటానండీ. తణుకు రాను."

"వైద్యం అయ్యేదాకానా?" అన్నాను. ఆవిడ పెన్ను తమ్ముడికి ఇచ్చేసింది. తమ్ముడు ఫారాలు సంచిలో పెట్టుకున్నాడు.

ఆపరేషను చేసి రొమ్ము మొత్తం తీసేశారు. ఆస్పత్రి ఖర్చు నేను భరించాను, అది ఒప్పుకోవాలి. ఆ మాట వచ్చినవాళ్ళందరి దగ్గరా అన్నాను, అదీ ఒప్పుకోవాలి. మూడు వారాలకోసారి మందు ఎక్కించడానికి రాజమండ్రి తీసుకెళ్ళి తీసుకొచ్చేవాణ్ణి. తిరుగు ప్రయాణంలో ఆవిడ ప్లాస్టిక్ కవరు నోటికి అడ్డం పెట్టుకుని వాంతులు చేసుకునేది. జుట్టు ఊడిపోయింది. ఇంత జరుగుతున్నా ఆవిడకి కన్నీళ్ళు రాకపోవడం నాకు చిరాగ్గా ఉండేది. ఏడిస్తే ఓదార్చి కొంత పుణ్యం కట్టుకుందామని నా ఆశ కాబోలు.

రెండోసారి మందు ఎక్కించిన తర్వాత కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. నాకు అర్థమైనంతవరకు, ఆస్పత్రి కేస్ షీట్‌లో గడ్డ రెండేళ్ళ నుంచి ఉన్నట్టు రాసి ఉంది, పాలసీ వయసు పద్నాలుగు నెలలు, ముందే ఉన్న జబ్బుని దాచి పాలసీ తీసుకున్నారు, అందువల్ల పైసా ఇవ్వం.

బావమరిదిని కొట్టుకి రమ్మని ఫోన్ చేశాను. రెండేళ్ళని వీడే ఎక్కడో తప్పు రాశాడని నా నమ్మకం. మీకు నమ్మబుద్ధి కాకపోవచ్చు గానీ, ఆ మాట అన్నది నేనేనని నాకు నిజంగా గుర్తులేదు. నోటికొచ్చింది అనేసి మర్చిపోవడం, చేతికొచ్చింది విసిరేసి మర్చిపోవడం నాకు మొదటి నుంచీ ఉన్నదే.

వాడు వచ్చాడు. ముఠా కూలీలు నలుగురు లారీ నుంచి బస్తాలు దింపుతున్నారు. కొనడానికి వచ్చినవాళ్ళు ఇద్దరు ఉన్నారు. వాడు గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఉండగానే ఉత్తరం మొహాన కొట్టాను.

"మీ అక్క పీక కోశావు కదరా."

వాడు వంగి ఉత్తరం తీసుకుని చదవబోయాడు. ఆ నిదానం చూస్తే నాకు ఇంకా మండింది. బల్ల మీద రెండు కేజీల తూకం రాయి ఉంది. తీసి విసిరాను. ముఖానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు గనక మణికట్టు మీద తగిలింది. ఎండుపుల్ల విరిగిన చప్పుడు వచ్చింది. చెయ్యి ఉండవలసిన తీరులో లేకుండా వేలాడింది. అయినా నేను ఆగలేదు. బల్ల దూకి వెళ్ళి జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాను. మూడోసారి కొట్టబోతుంటే ముఠామేస్త్రి వెనక నుంచి నా నడుం పట్టుకుని లాగేశాడు. "చచ్చిపోతాడండి, వదిలెయ్యండి," అన్నాడు. మేస్త్రి భుజం మీది బియ్యపు తవుడు నా చొక్కాకి అంటుకుంది.

వాడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ముక్కు నుంచి రక్తం కారుతోంది. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో సంచిలోంచి కాగితాలు తీశాడు. కేస్ షీట్ నకలు. ఏజెంటు గనక కంపెనీ మాట వాడికి ముందే తెలిసి, ముందు రోజే ఆస్పత్రిలో అడిగి తెచ్చాడట.

"ఇక్కడ చూడండి బావగారూ. వివరాలు చెప్పింది ఎవరూ అంటే భర్త అని రాశారు. ఆ రోజు నేను ఊళ్ళో కూడా లేనండి."

అప్పుడు గుర్తొచ్చింది. డాక్టరమ్మ వంచిన తల, నీలం పెన్ను, నా గొంతు, అన్నీ. మేస్త్రి నా నడుం వదిలి దూరంగా జరిగాడు. ముప్ఫై ఏళ్ళుగా నన్ను చూస్తున్న మనిషి, నా ముఖం చూడకుండా బస్తాల దగ్గరికి వెళ్ళిపోయాడు.

బావమరిది నా మీద కేసు పెట్టలేదు. చేతికి సిమెంటు కట్టు వేయించుకుని వాళ్ళక్క దగ్గరికి వచ్చి, చెయ్యాల్సింది చెప్పి వెళ్ళాడు. కంపెనీ తీర్పు ఆఖరిది కాదు. మళ్ళీ చూడమని అడగొచ్చు. అయితే రెండేళ్ళని చెప్పిన మనిషే, అది ఎందుకు చెప్పాడో, నిజానికి గడ్డ ఎప్పుడు తెలిసిందో ప్రమాణపత్రం రాసి ఇవ్వాలి. దానికి డాక్టరు ఉత్తరం తోడుండాలి.

పది రోజులు నేను ఆ ఊసు ఎత్తలేదు. ఎందుకంటే అప్పటికి నాకు లెక్క అర్థమైంది. నేను రాస్తే డబ్బొస్తుంది. డబ్బొస్తే ఆవిడ వెళ్ళిపోతుంది. రాయకపోతే రూపాయి రాదు, ఆవిడ ఇక్కడే ఉంటుంది, నేను పెట్టింది తిని నా ఖర్చుతో బాగవుతుంది. వదులుకోవడం ఇష్టం లేక ఊరుకున్నాను. అది ప్రేమ అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

పదకొండో రోజు భోజనాలయ్యాక ఆవిడే ఎత్తింది. తలకి గుడ్డ చుట్టుకుని గోడకి చేరగిలబడి ఉంది. గొంతు పెంచలేదు.

"మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?"

"చూద్దాంలే."

"నేను రాస్తే అన్నీ రాస్తానండీ. పెళ్ళయిన మూడో నెల నుంచి రాస్తాను."

ఆవిడ నన్ను బెదిరించడం అదే మొదటిసారి. చెయ్యి లేవాలి, లేవలేదు. మర్నాడు ఇద్దరం రాజమండ్రి వెళ్ళాం.

పెద్ద డాక్టరు గారు కేస్ షీట్ దిద్దడానికి ఒప్పుకోలేదు. చెప్పింది చెప్పినట్టు రాశామని, రాసింది కొట్టెయ్యడం కుదరదని అన్నారు. నేను అక్కడ కూడా బేరమే మొదలుపెట్టాను.

"వ్యాపారస్తులం కదండి. మాకు రెండు కావాలంటే నాలుగు చెప్పడం అలవాటండి. ఎక్కువ కాలం నుంచి అంటే మీరు శ్రద్ధగా చూస్తారని అలా అన్నానండి."

"రెండు నెలలకి రెండేళ్ళా? కంపెనీవాళ్ళు నమ్మరండి. నేనూ నమ్మడం లేదు. ఎందుకు చెప్పారు?"

మా ఆవిడ కిటికీ వైపు చూస్తోంది. సాయం చెయ్యదని తెలిసిపోయింది. "కొట్టానండి," అన్నాను. "దాని వల్లే వచ్చిందనుకున్నానండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "దెబ్బకి క్యాన్సర్ రాదు. గడ్డ అప్పటికే ఉంటుంది, దెబ్బ తగిలినచోట తడుముకుంటే చేతికి తెలుస్తుంది. మీరు అబద్ధం ఆడనక్కర్లేదు. కొట్టనూ అక్కర్లేదు." తర్వాత ఆవిడ వైపు తిరిగి పాత కాగితాలేమైనా ఉన్నాయా అమ్మా అని అడిగారు. మా సంఘం ఆడవాళ్ళు కల్యాణ మండపంలో పెట్టిన పరీక్షల క్యాంపు చీటీ ఆవిడ సంచిలో ఉంది. పాలసీ తీసుకున్న మరుసటి నెలది. రొమ్ములో గడ్డలేమీ లేవని అందులో లేడీ డాక్టరు రాసి ఉంది. దాన్ని చూసి ఆయన ఉత్తరం రాసి ఇచ్చారు.

తణుకులో నోటరీ గారు మా కొట్లోనే బియ్యం కొంటారు. నేను చెబుతుంటే టైపు చేసే ఆయన వేళ్ళు ఆగిపోయాయి. నోటరీ గారు కుర్చీ దగ్గరికి జరుపుకుని మెల్లగా అన్నారు. "మీరేంటండి, ఇలాంటిది రాయించడమేంటండి. రేపు ఇదే కాగితంతో మీ మీద కేసు పెట్టొచ్చు తెలుసా?"

"తెలుసండి. కొట్టండి టైపు."

ఫలానా తేదీన, ప్రీమియం కట్టిన విషయం తెలిసి, కోపంతో నా భార్యని ఒకసారి ఎడమ రొమ్ము మీద గుద్దాను. ఆ తర్వాతే ఆమెకి గడ్డ తెలిసింది. భయంతో ఆస్పత్రిలో రెండేళ్ళని అబద్ధం చెప్పాను. ప్రీమియం మెసేజ్ వచ్చిన తేదీ నా ఫోన్‌లోనే ఉంది గనక ఆ రోజుకి సాక్ష్యం కూడా దొరికింది. అందరూ వింటూ ఉండగా టైపాయన గట్టిగా చదివి వినిపించాడు, నేను సంతకం పెట్టాను.

ఇంటికి తెచ్చి ఆవిడకి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఒకచోట వేలు ఆనించి ఆగింది.

"ఒకసారి అని రాశారు," అంది.

ఆవిడ కాగితం మడత పెట్టింది. "కంపెనీకి ఈ ఒకసారి చాల్లెండి," అని తమ్ముడికి ఫోన్ చేసింది.

నెల తిరక్కుండా పది లక్షలూ ఆవిడ ఖాతాలో పడ్డాయి. ఒక్క బిల్లు అడగలేదు, దేనికని అడగలేదు. ఆ వారంలోనే తమ్ముడు కారు తెచ్చాడు. చేతి కట్టు విప్పేశారు గానీ మణికట్టు ఇంకా పూర్తిగా తిరగడం లేదు, ఎడమ చేత్తోనే సామాను మోశాడు. ఆవిడ రెండు చీరల మూటలు, కారం కొట్టే మిక్సీ పట్టుకెళ్ళింది. వెళ్ళొస్తానని అనలేదు.

ఇది జరిగి ఏడాది దాటింది. మందులు అయిపోయాయి, రిపోర్టులు బాగున్నాయి, ఆవిడ మాత్రం రాజమండ్రిలోనే ఉంది. అక్కడ తీసుకున్న గదిలోనే పొడులు కొట్టి ఆస్పత్రి చుట్టుపక్కల వాళ్ళకి అమ్ముతోంది. నేను నెలకోసారి వెళతాను. రావద్దని అనదు. కూర్చోమంటుంది, మజ్జిగ ఇస్తుంది. నేను మారానని చెప్పుకోవాలని ప్రతిసారీ అనుకుంటాను. నిజంగానే ఆ తర్వాత ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. కూలీలు సాక్ష్యం.

మొన్న వెళ్ళినప్పుడు బాగా ఉక్కపోతగా ఉంది. ఆవిడ తలుపు పక్కన నిలబడి మజ్జిగ గ్లాసు అందిస్తోంది. జుట్టు మళ్ళీ వచ్చింది, నెరిసింది. ఫ్యాను స్విచ్చి ఆవిడ తలకి కొంచెం పైన గోడకి ఉంది. వేద్దామని చెయ్యి ఎత్తాను.

గ్లాసు కింద పడింది. ఆవిడ గోడకి అంటుకుపోయి, మోచెయ్యి ఎడమ వైపు గుండెకి అడ్డం పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆ వైపు కాపాడుకోవడానికి ఇప్పుడు ఏమీ లేదు. డాక్టర్లు ఎప్పుడో తీసేశారు. నేను స్విచ్చి వెయ్యకుండానే మెల్లగా చెయ్యి దించి, వెనక్కి నడిచి, బయట మెట్టు మీద కూర్చున్నాను.